దారం కట్టని కట్ట

పోయినవారం అఖిలను గాజుగది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా ఆ పిల్ల తలుపు పిడి పట్టుకుని అక్కడే ఉంది. లోపలినుంచి యజ్ఞనారాయణ గారు "తలుపు వేసి రా అమ్మా" అన్నారు. ఆయన అమ్మా అన్నారంటే అది మంచి కబురు కాదని ఆ నాలుగో అంతస్తులో అందరికీ తెలుసు. మంచి కబురైతే పేరు పెట్టి పిలుస్తారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం వెనకటి సంగతి కాస్త చెప్పుకుందాం. మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో నలభై మంది కలిసి బ్లడ్‌బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. బయట తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బొగ్గు గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, కరెంటు రోజుకు మూడుసార్లు పోతోంది. కరెంటు అలా ఉన్నట్టుండి పోయినప్పుడల్లా కంప్యూటర్లలో ఇండెక్స్ చెడిపోతోంది. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఇండెక్స్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ప్రోగ్రాం రాసేవాళ్లు అన్నీ సొంతంగా రాసుకోరు. ఇదివరకు బయటివాళ్లో, తమ ఆఫీసువాళ్లో రాసిపెట్టినవి కట్టలు కట్టలుగా తెచ్చుకుని వాడుకుంటారు. వాటిని లైబ్రరీలంటారు. వాటిల్లో లక్షల వరుసలుంటాయి. ఏది ఎక్కడుందో అడగ్గానే చెప్పాలంటే కంప్యూటరు ముందుగా ఆ వరుసలన్నీ చదివి, ఏ పేరు ఏ వరుసలో ఉందో, దాన్ని ఎవరెవరు ఎక్కడెక్కడ పిలుస్తున్నారో ఒక పట్టీ రాసుకోవాలి. ఆ పట్టీయే ఇండెక్స్. అది రాయడానికి గంట పైన పడుతుంది. ఆ గంటా మనిషి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. నలభై కంప్యూటర్లూ చదివేది అవే లైబ్రరీలు. ఒకే బస్తా బియ్యాన్ని నలభై మంది నలభై చాటల్లో పోసుకుని, ఏరిన రాళ్లే మళ్లీ మళ్లీ ఏరినట్టుంటుంది.

అఖిల చేసిందల్లా ఒక్క కంప్యూటరుతో ఆ పట్టీ ముందే రాయించిపెట్టి, మిగతావాటికి కాపీ పంచడం. గంట పని నాలుగు నిమిషాల్లోకి వచ్చింది. పదిహేను రోజులు అందరూ ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. ఈ బుధవారం పొద్దున పక్క సీటు రోహిత్ లేచి, "ఈ ఇండెక్స్ అబద్ధాలు చెప్తోంది" అన్నాడు. నిజమే. ఉన్నదాన్ని లేదంటోంది, లేనిచోట ఉందంటోంది. దాన్ని నమ్మి పదకొండు మంది మంగళవారమంతా చేసిన పని నీళ్లపాలైంది.

అదీ సంగతి. ఇక లోపలికి వెళదాం.

అఖిల తలుపు వేసింది. గదిలో యజ్ఞనారాయణ గారు, ఎదురుగా రోహిత్. యజ్ఞనారాయణ గారిది రాజమండ్రి దగ్గర. ఇరవై ఏళ్లుగా హైదరాబాదే ఊరైపోయింది. మేనేజరయ్యాక కూడా సొంత చేత్తో ప్రోగ్రాం రాయడం మానలేదు. వంటమనిషిని పెట్టుకున్నా పులుసు మాత్రం తనే కలుపుకునే ఇల్లాలి లాంటి మనిషి ఆయన.

"కూర్చో అమ్మా."

"పర్వాలేదు సార్."

"నిలబెట్టి అడిగేటంత పెద్దవాణ్ణి కాను. కూర్చో." ఆమె కూర్చునేదాకా ఆగారు. "ఎల్లుండి శుక్రవారం మనం సరుకు అప్పగించాలి. ఆలస్యమైతే పుణె పెద్దాఫీసు వాళ్లు ప్రాజెక్టు అక్కడికి పట్టుకుపోతారు. మీ ఊళ్లో రోజూ బందులే కదా, మేం చూసుకుంటాం అని ఇప్పటికి రెండుసార్లు అన్నారు. పట్టుకుపోతే ఇక్కడ ముందుగా ఇంటికి పోయేది ఎవరు?"

"పర్మినెంటు కానోళ్లు సార్."

"అంటే?"

"నేను."

నిజాంపేట హాస్టల్లో ముగ్గురు ఆడపిల్లలతో ఒక గది పంచుకుని, ప్రతి నెలా ఇంటికి నాలుగు రాళ్లు పంపే పిల్ల ఆమె. ఇంకో రెండు నెలలు గడిస్తే ఉద్యోగం ఖాయమయ్యేది.

రోహిత్ అందుకున్నాడు. "సార్, సోమవారం తను ఆఫీసుకే రాలేదు. రైల్ రోకోకి వెళ్లింది. హఫీజ్‌పేట్ స్టేషన్లో పట్టాల మీద కూర్చుని ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టింది కూడా. ఇండెక్స్ చూసుకోవాల్సిన మనిషి పట్టాల మీద ఉంటే ఇలాగే ఉంటుంది."

"సెలవు చీటీ పెట్టే పోయిన. దొంగతనంగ పోలే."

"దొంగతనమని నేనన్నానా?"

"అన్నట్టే ఉంది నీ తీరు."

"మీ సమ్మె వల్ల కరెంటు పోతుంది. దానికి నువ్వే మందు కనిపెడతావు. ఆ మందు తిరిగి మాకే వికటిస్తుంది. బాగుంది వరస."

"పదిహేను రోజులు ఆ మందు తియ్యగనే ఉండె కదా. చేదైంది ఇయ్యాలనే."

యజ్ఞనారాయణ గారు పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టారు. "ఉద్యమం సంగతి రోడ్డు మీద తేల్చుకోండి. ఇక్కడ ఇండెక్స్ సంగతి మాట్లాడదాం. అమ్మా, నువ్వు శనివారం తయారుచేసినప్పుడు అది సరిగ్గానే ఉందా?"

"ఉంది సార్. పది చోట్ల వెతికి చూసుకున్న."

"మరి ఎందుకు చెడింది?"

"ఇండెక్స్ చెడలే సార్. లైబ్రరీ మారింది." అఖిల కుర్చీలో ముందుకు జరిగింది. "మనం లైబ్రరీ పెట్టుకునే ఫోల్డరు పేరు లేటెస్ట్. కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా పాతది తీసేసి, ఆ జాగల అదే పేరుతోని కొత్తది పెడతరు. మీద పేరు అదే, లోపల సరుకు వేరే. నా ఇండెక్స్ పేరు చూసి నమ్మింది. శనివారం తర్వాత ఎవరో సరుకు మార్చిన్రు."

"ఎవరు మార్చారు?"

రోహిత్ కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఉరిమి ఉరిమి మంగలం మీద పడ్డట్టు, పొద్దుట్నించి అఖిల మీద ఉరిమిన ఉరుము వచ్చి అతని మీదే పడింది.

"నేనే సార్. మీరు ఆదివారం రాసి పంపించారే, ఆ కొత్త కూర్పు. సోమవారం ఇంటినుంచే పెట్టేశాను."

"అఖిలకి చెప్పావా?"

"చెబుదామని ఫోన్ తీశాను సార్."

"తీసి?"

"అందులో ఆ ఫొటో కనిపించింది. నవ్వుతూ కూర్చుంది పట్టాల మీద. ఒళ్లు మండిపోయి ఫోన్ పెట్టేశాను."

ఇప్పుడు అఖిల గెలిచినట్టే. లేచి, చూశారా సార్ అనేసి వెళ్లిపోవచ్చు. మన ఇళ్లలో అయితే ఇలాంటి చోట ఒక్క విసురైనా విసరకుండా ఎవరూ లేవరు. కాని యజ్ఞనారాయణ గారు ఆమెను లేవనివ్వలేదు.

"సరే, ఇతను చెప్పలేదు. చెప్పాడే అనుకుందాం. నువ్వు సెలవులో ఉన్నావు. ఇండెక్స్ మళ్లీ తయారుచేయడం ఈ నలభై మందిలో ఇంకెవరికైనా వచ్చా?"

"రాదు సార్."

"ఎందుకు రాదు?"

"నేను ఎవరికి నేర్పలే."

"ఎందుకు నేర్పలేదు?"

అఖిలకు అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తీరిక దొరకలేదు సార్ అంటే చాలు, ఆయన నమ్ముతారు. అది మింగేసింది.

"నేర్పితే ఇగ నాతోని పనేముంటది అనుకున్న సార్."

రోహిత్ తలెత్తి ఆమెను చూశాడు. యజ్ఞనారాయణ గారు పెన్ను పక్కన పెట్టారు. అది చూసి అఖిలకు ఇంకా చెప్పాలనిపించింది. ఇన్నేళ్లుగా కాలేజీలోగాని హాస్టల్లోగాని ఎవ్వరికీ చెప్పని మాట బయటికొచ్చింది. మీ అమ్మ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఇంట్లనే ఉంటది అనేది ఇన్నాళ్లూ. అది అబద్ధం కాదు, కాని నిజమూ కాదు.

"మా అమ్మ బీడీలు చేస్తది సార్. కోరుట్ల పక్కన మా ఊరు. నేను కూడ ఇంటర్ దాక చేసిన."

తునికాకు సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. ఎండుటాకును ఉన్నదున్నట్టు చుడితే పెళుసుగా విరిగిపోతుంది. ముందురోజే నీళ్లలో తడిపి, తడి గోనెలో చుట్టిపెట్టి, పదునుకొచ్చాక రేకు ముక్క కొలతగా పెట్టి కత్తిరించుకోవాలి. చుట్టడం కంటే ఈ కత్తిరింపుకే ఎక్కువ పొద్దు పోతుంది. అఖిల వాళ్ల వాడలో పన్నెండు మంది ఆడవాళ్లు ఒక ఒప్పందానికొచ్చారు. కంటిచూపు, చెయ్యి రెండూ బాగున్న భాగ్యమ్మ అందరి ఆకూ కత్తిరించి పెడుతుంది. మిగతా పదకొండు మంది పొద్దున్నే వచ్చి కట్టలు తీసుకుపోయి చుట్టుకుంటారు. భాగ్యమ్మ వంతు బీడీలు కూడా వాళ్లే చుట్టి ఇస్తారు.

"నా ఉపాయం అక్కడిదే సార్. ఒక్కరు కత్తిరిస్తే అందరు చుట్టుకుంటరు. గొప్పగ నేను కనిపెట్టిందేం లేదు."

కట్టలకు గుర్తుండేది. నిన్నటి ఆకైతే ఎర్ర దారం, ఇవాళ్టి ఆకైతే నల్ల దారం. పైకి చూస్తే రెండూ ఒకటే. ఆరిపోయిన నిన్నటి ఆకును మళ్లీ తడి చూపించకుండా చుడితే సాయంత్రానికి పగుళ్లొస్తాయి. దారాలు కట్టే పని పదకొండేళ్ల అఖిలది. ఒకనాడు ఆటలో పడి దారం కట్టడం మరిచిపోయింది. పేర్చిన చోటు చూసి, ఇదే ఇవాళ్టిది అని కట్టలు పంచేసింది. ఆ రోజు పన్నెండు ఇళ్ల బీడీలు కార్ఖానాలో పక్కన పారేశారు. పన్నెండు ఇళ్ల కూలి పోయింది. తల్లి సత్తెమ్మ చీపురుకట్ట తిరగేసింది కాని, భాగ్యమ్మ మాత్రం ఏమీ అనలేదు. తెల్లారి దారం ఉండలు రెండూ తెచ్చి మళ్లీ ఆ పిల్ల చేతిలోనే పెట్టింది. ఇంకెవరికన్నా ఇయ్యరాదా పెద్దమ్మా అని అఖిల అంటే, "ఇంకొగలకిస్తే ఆళ్లు ఇంకోపాలి మరుస్తరు. నువ్వైతే ఇగ మరువవు" అన్నది.

"మళ్ల మరిచిన సార్," అంది అఖిల. "అదే తప్పు. జాగ చూసి నమ్మిన, దారం కట్టలే."

యజ్ఞనారాయణ గారు కిటికీలోంచి బయటికి చూశారు. రోడ్డు మీద బస్సుల్లేవు. షేర్ ఆటోల నిండా జనం వేలాడుతూ పోతున్నారు.

"ఇండెక్స్‌కి దారం ఎలా కడతావు?"

"లైబ్రరీల ఉన్న అక్షరాలన్ని కలిపి లెక్కేస్తే ఒక పొడుగు నంబర్ వస్తది సార్. మనిషి వేలిముద్ర అసొంటిది. ఒక్క అక్షరం మారినా నంబర్ మారుతది. ఇండెక్స్ తయారైనప్పుడే ఆ నంబర్ దానికి కట్టేస్త. వాడే ముందు ప్రతి కంప్యూటర్ తన దగ్గరున్న లైబ్రరీ నంబర్‌తోని పోల్చి చూసుకోవాలె. కలిస్తెనే వాడాలె. కలవకుంటే ఆ ఒక్క లైబ్రరీ వరకు సొంతంగ చదువుకోవాలె."

"ఎంతసేపు పడుతుంది?"

"తయారీకి గంటా పది నిమిషాలు."

ఆయన గడియారం చూసుకున్నారు. పన్నెండుంబావు. కరెంటు రెండింటికి పోతుంది.

"రోహిత్, ఆ నంబరు పోల్చే ముక్క నువ్వు రాయి. ఆమె పక్కనే కూర్చుని మిగతాది నేర్చుకో." తర్వాత ఆమె వైపు తిరిగారు. "అఖిలా, నేర్పు. ఇవాళ ఇతనికి, రేపు ఇంకో ఇద్దరికి. ఈ పని మాత్రం నీ చేతిలోనే ఉంటుంది."

పేరు పెట్టి పిలిచారు. ఆ పిల్ల అది గమనించింది కాని, సంతోషపడే తీరిక లేదు.

ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చున్నారు. మొదటి పావుగంట పని మాటలు తప్ప ఇంకో మాట లేదు. ఏ లైబ్రరీలు ముందు చదివించాలో, ఏవి వదిలేయాలో అఖిల చెప్తుంటే రోహిత్ కాగితం మీద రాసుకున్నాడు. ఆ నంబరు ముక్క అతను ఇరవై నిమిషాల్లో రాసి చూపించాడు. ఆమె అందులో ఒక తప్పు పట్టుకుంది. అతను ఆమె దాంట్లో రెండు పట్టుకున్నాడు.

"నీకు నాకంటే ఒకటి ఎక్కువ," అన్నాడు.

"రాసిపెట్టుకో. ఫేస్‌బుక్ల పెట్టుకుందువు."

అతను నవ్వాపుకోలేకపోయాడు.

ఒంటిగంట దాటాక మొదలుపెట్టగలిగారు. అంటే పని రెండుంబావుకు గాని పూర్తికాదు. రెండింటికి కరెంటు పోతే బ్యాటరీల మీద అయిదు నిమిషాలు. సగం రాసిన పట్టీ ఎందుకూ పనికిరాదు, మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. అఖిల మెట్లు దిగి కిందికి పరుగెత్తింది.

కింద సెక్యూరిటీ రాజయ్య జనరేటర్ గది ముందు కుర్చీ వేసుకుని ఉన్నాడు. సిద్దిపేట పక్క మనిషి. మెడలో గులాబీ కండువా, దాని మీద యూనిఫాం కాలరు.

"కాకా, రెండింటికి జనరేటర్ జర ఒక్క అర్ధగంట నడుస్తదా?"

"ట్యాంకర్ రాక నాలుగు దినాలాయె బిడ్డా. అడుగున జర్రంతుంది. లిఫ్టులకే సాలదు."

"లిఫ్టులకు ఎందుకు కాకా?"

రాజయ్య ఆమె మొహం కేసి చూశాడు. పైన ఏం జరుగుతోందో అతనికి తెలియదు. అడగలేదు కూడా. "లిఫ్టులు బంద్ జేస్తే నీ నాలుగో అంతస్తుకు అర్ధగంట వస్తది. పెద్దసార్లు గిట్ల అడిగితే ఏం జెప్పాలె?"

"సమ్మె అని చెప్పు."

"అవ్ మల్ల, లిఫ్టులు సుత సమ్మెల దిగినయంట," అని నవ్వి లేచాడు. "ఫికర్ జెయ్యకు, పో. నాలుగు మెట్లెక్కితే ఎవలకేం గాదు."

రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ అందుకుంది; ఉన్న డీజిలు చాలాలని మిగతా తెరలన్నీ ఆపేశారు. ఒక్క అఖిల బల్ల మీద కంప్యూటరు మాత్రం వెలుగుతూ, వరుసలు లెక్కపెట్టుకుంటూ పోయింది. పని ఆగినవాళ్లంతా కుర్చీలు లాక్కుని చుట్టూ చేరారు. తొంభై నాలుగు శాతం. తొంభై ఏడు. ఎవరో పల్లీల పొట్లం విప్పారు. రెండుంబావుకు రెండు నిమిషాల ముందు వంద చూపించి ఆగింది. దాని కింద పొడుగాటి నంబరు పడింది.

"దారం పడ్డది," అంది అఖిల మెల్లగా.

చప్పట్లు కొట్టింది మొదట రోహితే. ఆ తర్వాత మిగతావాళ్లు. కరెంటు రాగానే నలభై కంప్యూటర్లూ నాలుగేసి నిమిషాల్లో లేచి కూర్చుంటాయి. శుక్రవారం చేతికందుతుంది.

అందరూ టీకి వెళ్లాక వీళ్లిద్దరూ కూర్చుని పరీక్ష మొదలెట్టారు. ఒక్కో పేరూ వెతకడం, చూపించిన చోట అది నిజంగా ఉందో లేదో కళ్లతో చూసుకోవడం. తొమ్మిది పేర్లు సరిపోయాయి. పదోది రక్తం గ్రూపు సరిపోల్చే పరీక్ష. రక్తం సీసా బయటికి వెళ్లేముందు, ఇది ఈ మనిషికి ఎక్కించదగ్గదేనా అని చూసుకునే ముక్క అది. దాన్ని ఎవరెవరు పిలుస్తున్నారని అఖిల అడిగింది.

శనివారం ఇండెక్స్‌లో ఏడు చోట్లుండేవి. ఇప్పుడు తెర మీద సున్నా కనిపించింది.

"మళ్లీ అబద్ధం చెప్తోంది," అన్నాడు రోహిత్. గొంతులో ఈసారి కోపం లేదు, భయం ఉంది.

అఖిల నంబరు పోల్చి చూసింది. కలిసింది. చివరి అంకె దాకా కలిసింది. ఆ లైబ్రరీ తెరిచి, ఇండెక్స్‌ను పక్కనబెట్టి, ఏడు చోట్లా వేలితో వరుస వరుసా దించుకుంటూ చదివింది. పరీక్ష ఉంది. దాన్ని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఇది ఇలాగే బయటికెళితే ఏ గ్రూపు రక్తమైనా ఏ మనిషికైనా సాగిపోతుంది. అడ్డు చెప్పేది ఉండదు.

పైన ఈ కూర్పు రాసిన తేదీ ఉంది. ఆదివారం. పక్కన పేరు ఉంది, యజ్ఞనారాయణ అని.

"సార్ మరిచిపోయారంటావా?" అన్నాడు రోహిత్.

"ఏమో. ఇంకేడికన్నా మార్చిన్రేమో."

"ఇంకెక్కడా లేదు కదా. ఇప్పుడే చెప్తావా? మనల్ని ఇందాకే వదిలేశారు. రేపు పొద్దున చెబుదాం, కాస్త మెత్తబడ్డాక."

మెట్ల తలుపు తెరుచుకుంది. యజ్ఞనారాయణ గారు. ఫోన్ మాట్లాడటానికి కిందికి వెళ్లినాయన, లిఫ్టులు లేక నాలుగంతస్తులూ ఎక్కి వచ్చారు. నుదుటి మీద చెమట, చేతిలో ఫోను, మొహమంతా నవ్వు. పెళ్లి కుదిరిన ఇంటి పెద్దలా ఉన్నారు.

"అఖిలా, పుణెతో మాట్లాడాను," అన్నారు ఆయాసపడుతూ. "బందులున్నా మా పిల్లలు ఎలా పనిచేస్తున్నారో చూడండి అని గట్టిగా చెప్పాను. శుక్రవారం కూడా కాదు, రేపు పొద్దున్నే పంపిస్తామన్నాను. ప్రాజెక్టు ఇక్కడే ఉంటుందని మాటిచ్చేశారు."

రోహిత్ బల్ల కింద కాలితో ఆమె కాలిని తాకాడు. ఊరుకోమని.

అఖిల లేచింది. తన కుర్చీ ఆయన దగ్గరకు జరిపింది.

"సార్, జర కూసోండి," అని, తెరను ఆయన వైపు తిప్పింది.